ఇంగ్లీషు ఉన్నత పదజాల అభ్యసనం: గుంటూరు, ప్రకాశం మైదానం

రోజువారీ మాటలకు, చిన్న ఉత్తరాలకు సరిపడే ఇంగ్లీషు వచ్చాక, పత్రికల సంపాదకీయం, కళాశాల పాఠ్యగ్రంథం, చట్టం, ఒప్పందపత్రం, పరిశోధన వ్యాసం వంటివి చదివి గ్రహించడానికీ ఆ స్థాయిలో రాయడానికీ కావలసిన మాటలను పట్టుబడి చేసుకోవడాన్ని ఉన్నత పదజాల అభ్యసనం అంటారు. పత్తి, మిరప, పొగాకు పండే గుంటూరు, ప్రకాశం మైదానంలో తెలుగు మాతృభాషగా గలవారు ఈ పదజాలాన్ని ఎలా నేర్చుకున్నారు, నేర్చుకుంటున్నారు అన్నది ఈ వ్యాస విషయం. స్పానిష్ మాతృభాషగా గలవారి అనుభవం పోలిక కోసం అక్కడక్కడ ప్రస్తావనకు వస్తుంది.

నిర్వచనం, కొలతలు

ఇంగ్లీషు మాటలను వాడుకలో అవి ఎంత తరచుగా కనిపిస్తాయన్నదాన్ని బట్టి అంచెలుగా విభజిస్తారు. మైఖేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన సాధారణ సేవా పదపట్టికలో సుమారు 2000 మూలపదాలున్నాయి. అవిభక్త బెంగాల్‌లోని ఢాకాలో వెస్ట్ చాలాకాలం పనిచేశాడు. విదేశీ భాషను చదవడం నేర్పడంపై అతని ఆలోచనలు అక్కడి బడిపిల్లలను చూసి రూపుదిద్దుకున్నవే. విద్యావిషయక గ్రంథాల్లో తరచుగా వచ్చే 570 పదకుటుంబాలను ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఏరి మరో పట్టిక చేసింది. అటువంటి గ్రంథాల్లోని మాటల్లో ఇంచుమించు పదోవంతు ఈ కుటుంబాలవే. నవలనో దినపత్రికనో ఎవరి సాయం లేకుండా చదవడానికి 8000 నుంచి 9000 పదకుటుంబాలు తెలియాలని పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. 'డిసైడ్', 'డిసిషన్', 'డిసైసివ్' వంటివన్నీ కలిపి ఒక పదకుటుంబం. 2000 దాటిన తరువాత 9000 వరకు ఉన్న మేరను స్థూలంగా ఉన్నత పదజాలమని చెప్పుకోవచ్చు. ఐరోపా మండలి 2001లో వెలువరించిన ఆరంచెల భాషా ప్రమాణాల్లో పై అంచెలు స్థూలంగా దీనికి సరిపోతాయి.

మాట తెలుసు అనడానికి అర్థం తెలిస్తే చాలదు. దాని వర్ణక్రమం, పలికే తీరు, ఏ మాటల సరసన ఒదుగుతుంది, ఏ సందర్భంలో ఎబ్బెట్టుగా ఉంటుంది అన్నవీ తెలియాలి. చదివితే అర్థమయ్యే మాటల కంటే రాసేటప్పుడు చేతికందే మాటలు ఎవరికైనా తక్కువే.

చారిత్రక నేపథ్యం

గుంటూరులో ఇంగ్లీషు చదువు మొదట మిషనరీ బడులతో వచ్చింది. అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. ఆ మిషను విద్యాసంస్థల్లోంచే 1885లో నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల పుట్టింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషను పని 1866లో జాన్ క్లౌ రాకతో ఊపందుకుంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మెట్రిక్యులేషన్‌లో నెగ్గడమే సర్కారు కొలువుకు దారి అయింది. దాంతో ఇంగ్లీషు మాటలను అర్థాలతో సహా బట్టీ పట్టడం చదువులో భాగమైంది. పాఠం అంచున 'మీనింగులు' రాసుకోవడం బడిపిల్లలకు ఈనాటికీ తప్పలేదు.

నిఘంటువులు అంతకుముందే ఉన్నాయి. ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు నిఘంటువు 1821లో, జె.సి. మోరిస్ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు 1835లో వచ్చాయి. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. ఆ వెంటనే అతని ఇంగ్లీషు-తెలుగు నిఘంటువూ వచ్చింది. ఇవి ప్రధానంగా తెలుగు నేర్చుకునే దొరల కోసం తయారైనవి. తెలుగువాడు ఇంగ్లీషు నేర్చుకోవడానికి కావలసిన వివరాలు, అంటే మాట ఎలా పలకాలి, ఏ వాక్యంలో ఇముడుతుంది అన్నవి, వాటిలో తక్కువ. ఈ లోటు తరువాతి ద్విభాషా నిఘంటువుల్లోనూ చాలాకాలం కొనసాగింది.

ఇరవయ్యో శతాబ్దిలో ఈ ప్రాంతం నుంచి వచ్చిన ఇద్దరి కృషి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఒంగోలులో 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం కూర్చాడు. 1985లో జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాశాడు. గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1991లో వచ్చింది. 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి పేరుపడ్డ వేటపాలెంలో బూదరాజు రాధాకృష్ణ పుట్టాడు. ఈనాడు పాత్రికేయ పాఠశాలకు ప్రధానాచార్యుడుగా పనిచేసిన అతను విలేఖరుల కోసం ఇంగ్లీషు మాటలకు తెలుగు పత్రికాపదాలు సమకూర్చాడు. అర్థం మాటకు కాదు, వాక్యానికి ఉంటుందన్న ఎరుక అతని పనిలో కనిపిస్తుంది. నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్ని పట్టుకుని వార్తను అనువదిస్తే ఏమవుతుందో పత్రికాఫీసుల్లో పనిచేసినవారందరికీ అనుభవమే. వేటపాలెం పూర్వం గుంటూరు జిల్లాలో, 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక ప్రకాశంలో ఉండి, 2022 విభజనతో బాపట్ల జిల్లాకు చేరింది.

సంస్థాగతంగా చూస్తే, ఇంగ్లీషు బోధకులకు శిక్షణ ఇచ్చే కేంద్ర ఆంగ్ల సంస్థ 1958లో హైదరాబాదులో ఏర్పడి, 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైంది. 1968లో నెలకొన్న తెలుగు అకాడమి శాస్త్రాలకు పారిభాషిక పదకోశాలు వేసింది. తెలుగు మాధ్యమంలో చదివి పై చదువుకు ఇంగ్లీషులోకి మారిన తరానికి అవే దారిచూపాయి. (చూ. పారిభాషిక పదాలు)

తత్సమాల తోవ

స్పానిష్ మాతృభాషగా గలవారికి ఉన్నత ఇంగ్లీషులో ఒక వెసులుబాటు ఉంది. ఇంగ్లీషులో బరువైన మాటల్లో ఎక్కువ భాగం లాటిన్ నుంచి నేరుగానో ఫ్రెంచి మీదుగానో వచ్చినవి. స్పానిష్ లాటిన్‌కు పుట్టిన బిడ్డ. అందువల్ల ఇంగ్లీషువాడికే కష్టమనిపించే 'ఎడిఫిస్' అన్న మాట స్పానిష్ పిల్లవాడికి ఇంటి మాటే, వాడి భాషలో భవనాన్ని 'ఎడిఫిసియో' అంటారు. అతన్ని తికమకపెట్టేవి 'గెట్', 'పుట్' వంటి చిన్న క్రియలతో అల్లిన పదబంధాలు.

తెలుగు ద్రావిడ భాష. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో నిరూపించాడు. కాబట్టి తెలుగుకూ ఇంగ్లీషుకూ పుట్టుకతో చుట్టరికం లేదు. అయితే తెలుగు సంస్కృతం నుంచి వేల మాటలు తత్సమాలుగా తీసుకుంది. సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒకే మూలం నుంచి వచ్చినవని పండితుల నిర్ణయం. ఈ అడ్డదారిలో తెలుగువాడికి కూడా ఉన్నత ఇంగ్లీషుతో దూరపు బంధుత్వం ఉంది. బడుల్లో దీన్ని ఉపయోగించుకునేవారు అరుదు.

దంతం, 'డెంటల్', నామం, 'నామినల్', సర్పం, 'సర్పెంట్', అగ్ని, 'ఇగ్నైట్', విధవ, 'విడో', మృత్యువు, 'మోర్టల్', మధ్యం, 'మీడియం', దానం, 'డొనేషన్', పాదం, 'పెడెస్ట్రియన్' అన్న జంటల్లో రెండు మాటలదీ ఒకే వేరు. మాతృ, పితృ, భ్రాతృ శబ్దాలు తెలిసినవారికి 'మెటర్నల్', 'పెటర్నల్', 'ఫ్రెటర్నల్' కొత్త కావు. 'స్థా' ధాతువు నుంచి మనకు స్థానం, స్థిరం, సంస్థ వచ్చినట్టే వాళ్లకు 'స్టేషన్', 'స్టేబుల్', 'స్టేట్' వచ్చాయి. ఎద్దుల మెడమీది కాడికి ఇంగ్లీషులో 'యోక్'. అది, 'కాంజుగల్' అన్న మాటలోని నడిమి భాగం, మన యోగం, సంయోగం అన్నీ కలపడం అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి వచ్చినవి.

ఉపసర్గల విషయంలో పోలిక మరింత పనికొస్తుంది. అభావాన్ని చెప్పే 'అ', 'అన్' గ్రీకులోనూ అదే రూపంలో ఉన్నాయి. 'పరి'కి గ్రీకు 'పెరి', 'దుస్'కు 'డిస్' (రోగనామాల్లో కనిపించేది), 'అంతర్'కు లాటిన్ 'ఇంటర్', 'ప్ర'కు 'ప్రో', 'ఉపరి'కి 'హైపర్', 'సూపర్' సమానాలు. వీటన్నిటికీ చక్కని ఉదాహరణ 'ఆగ్నాస్టిక్'. టి.హెచ్. హక్స్‌లీ 1869లో పుట్టించిన ఈ మాటకు తెలుగులో అజ్ఞేయవాది అంటాం. 'అ'కు 'ఆ', 'జ్ఞా'కు 'గ్నా'. ఇక్కడ అనువాదం, మూలం ముక్కకు ముక్క సరిపోయాయి.

పోలికలన్నీ నిజం కావు. దేవుడికీ గ్రీకు 'థియో'కూ సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది కానీ వాటి మూలాలు వేరు. దేవ శబ్దానికి అసలు జోడు 'డివైన్'. సంయోగంలోని 'సమ్', 'కంజంక్షన్'లోని 'కన్' అర్థంలో మాత్రమే ఒకటి. పైగా ఈ తోవ తత్సమాలు తెలిసినవారికే పనికొస్తుంది. మొదటి తరగతి నుంచి ఇంగ్లీషు మాధ్యమంలో చదివి, తెలుగులో భ్రాతృత్వం, అజ్ఞేయం వంటి మాటలు ఎన్నడూ ఎదురుపడని విద్యార్థికి రెండు కొసలూ కొత్తే.

అరువు మాటలు, అర్థభేదం

స్పానిష్‌లో 'ఎంబరసాదా' అంటే గర్భవతి, 'ఎక్సితో' అంటే విజయం. ఇంగ్లీషులో వీటిని పోలిన మాటలకు అర్థాలు వేరు. ఇటువంటివాటిని భాషాబోధకులు కపటమిత్రులు అంటారు. తెలుగువాడికి ఈ చిక్కు సంస్కృతం వల్ల హిందీలో ఎదురవుతుంది: మన అవసరం వాళ్లకు అవకాశం, మన ఉపన్యాసం వాళ్లకు నవల. ఇంగ్లీషులో మాత్రం ఈ కపటమిత్రులు మనమే అరువు తెచ్చుకుని మన తీరులో మార్చుకున్న మాటలు.

'కరెంటు' ఇక్కడ విద్యుత్తే. ప్రవాహం, వర్తమానం అన్న అర్థాలు బడికి వెళ్లాక తెలుస్తాయి. 'ఫంక్షన్' పెళ్లో ఓణీల వేడుకో. 'కవర్' అంటే కూరగాయలు వేసుకునే ప్లాస్టిక్ సంచి. 'హోటలు'లో భోజనమే తప్ప బస ఉండక్కర్లేదు. 'పవర్' కళ్లద్దాలకు ఉంటుంది. ఎవరైనా 'ఫీలయ్యారు' అంటే నొచ్చుకున్నారని. 'సీరియస్ అయ్యాడు' అంటే కోప్పడ్డాడని, 'సీరియస్‌గా ఉంది' అంటే రోగి పరిస్థితి విషమించిందని. తరగతిలో అడిగే ప్రతి ప్రశ్నా 'డౌటే'. ఈ అర్థాలు తెలుగులో తప్పు కావు, తెలుగు వాటిని అలా స్థిరపరచుకుంది. ఉన్నత స్థాయి రచనలో ఇవే అర్థాలు ఇంగ్లీషులోకి తిరిగి వెళ్లినప్పుడు చిక్కు వస్తుంది. మాట తెలుసుననే ధీమాతో విద్యార్థి నిఘంటువు తెరవడు. తెలియని మాట కంటే సగం తెలిసిన మాట వల్లనే తప్పులు ఎక్కువ. (చూ. తెలుగులో అన్యదేశ్యాలు)

వర్జీనియా పొగాకు కాల్చే ఇంటిని ప్రకాశం రైతులు 'బ్యారన్' అంటారు. ధాన్యపు కొట్టం అనే అర్థమున్న 'బార్న్' ఇలా మారింది. ఇంగ్లీషులో బీడునేలకూ జమీందారుకూ ఇంచుమించు ఇలాగే వినిపించే మాటలున్నాయి. అమెరికా చదువుల ప్రవేశపరీక్షకు వేలమంది బట్టీ పట్టిన పదపట్టిక పుస్తకం పేరు కూడా 'బ్యారన్స్' కావడం కేవలం యాదృచ్ఛికం.

ఉచ్చారణ, వర్ణక్రమం

తెలుగులో రాసినట్టే పలుకుతారు. ఈ అలవాటు ఉన్నత ఇంగ్లీషులో అడ్డుపడుతుంది, ఎందుకంటే ఆ స్థాయి మాటలను విద్యార్థి వినడానికి ముందే కంటితో చదువుతాడు. 'ఎపిటమీ'ని 'ఎపిటోమ్' అని, 'హైపర్బలీ'ని 'హైపర్‌బోల్' అని, పలకని 'బి'ని పలికి 'సటిల్'ను 'సబ్టిల్' అని చదవడం ఇందువల్లే. హల్లుతో ముగిసే మాటలకు చివర 'ఉ' చేర్చడం (బస్సు, రోడ్డు) సామాన్య పదాల్లో స్థిరపడింది, ఉన్నత పదాల్లో తక్కువ. ఊనిక స్థానం మారే 'ఫోటోగ్రాఫ్', 'ఫటాగ్రఫీ' వంటి జంటలు వినికిడి వల్ల తప్ప నియమాల వల్ల పట్టుబడవు.

పరీక్షలు, శిక్షణ

ఈ మైదానంలో ఉన్నత పదజాలానికి గిరాకీ తెచ్చింది పరీక్షలే. ఇంజనీరింగు, వైద్య కోర్సులకు 1986లో మొదలైన ఉమ్మడి ప్రవేశపరీక్ష ఎంసెట్‌లో ఇంగ్లీషు ఉండేది కాదు. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల బిట్లకు రాత్రింబవళ్లు కేటాయించిన రెసిడెన్షియల్ కళాశాలల్లో ఇంగ్లీషు గంట మిగతా పాఠాలకు కరిగిపోవడం మామూలైంది. పదజాలం సహజంగా పెరగవలసిన కాలంలో ఏర్పడిన ఈ ఖాళీని ఇంజనీరింగు చివరి ఏడాదిలో ఒక్క ఊపున పూడ్చవలసి వచ్చేది. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లోని శిక్షణ కేంద్రాలకు, హైదరాబాదు అమీర్‌పేటకు విద్యార్థులు చేరింది ఈ పని మీదే.

అమెరికా పీజీ చదువులకు రాసే జీఆర్‌ఈలో ఆగస్టు 2011 వరకు వ్యతిరేక పదాలు, పదసాదృశ్యాలు అడిగేవారు. వాక్యంతో పనిలేకుండా మాటను మాటగానే గుర్తుపెట్టుకుంటే సరిపోయేది కనుక 3500 మాటల పట్టికను అక్షరక్రమంలో వల్లెవేయడం ఆనవాయితీ అయింది. ఆ నెలలో పరీక్ష మారి ఆ రెండు రకాల ప్రశ్నలూ తొలగిపోయాయి. ఖాళీలు పూరించడం, వాక్య సమానత వంటి సందర్భాధారిత ప్రశ్నలు వాటి స్థానంలోకి వచ్చాయి. వల్లెవేత మాత్రం వెంటనే పోలేదు. 1964లో మొదలైన టోఫెల్, 1989లో మొదలైన ఐఈఎల్‌టీఎస్ మాటల కష్టాన్ని కాక వాడుకలో నేర్పును కొలుస్తాయి. స్వయంగా చదువుకునేవారిలో నార్మన్ లూయిస్ 1949 నాటి 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ'కి ఆదరణ ఎక్కువ. లాటిన్, గ్రీకు ధాతువుల ఆధారంగా మాటలను గుంపులుగా నేర్పే పుస్తకమది.

అభ్యసన పద్ధతులు

బట్టీ పట్టడం ఈ ప్రాంతంలో అవమానకరమైన మాటేమీ కాదు. అమరకోశం కంఠస్థం చేసిన సంప్రదాయంలో పర్యాయపదాలను గుంపుగా, ఛందస్సులో, నోటికి తెచ్చుకోవడం పదజాల శిక్షణే. అయితే అమరం అర్థవర్గాల ప్రకారం కూర్చినది, పరీక్షల పట్టిక అక్షరక్రమంలో ఉండేది. అక్షరక్రమంలో పక్కపక్కనే వచ్చే మాటలు రూపంలో ఒకదాన్నొకటి పోలి ఉండి జ్ఞాపకంలో కలగలిసిపోతాయి.

నేర్చినది ఎంత వేగంగా మరపున పడుతుందో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో తనమీదే ప్రయోగాలు చేసుకుని కొలిచాడు. మొదటి గంటల్లోనే ఎక్కువ పోతుంది, తరువాత నెమ్మదిస్తుంది. ఆ మరపుకు విరుగుడుగా అంతరాలు పెంచుకుంటూ తిరగేసే పద్ధతిని 1970ల తొలినాళ్లలో సెబాస్టియన్ లైట్నర్ అట్టముక్కల పెట్టెతో ప్రచారంలోకి తెచ్చాడు. తెలిసిన మాట ఉన్న అట్ట వెనుక అరలోకి, తెలియనిది ముందు అరలోకి వెళుతుంది. ఇప్పటి ఫోన్ యాప్‌లు చేసేదీ ఇదే లెక్క.

సందర్భంలోంచి అర్థాన్ని ఊహించడం రెండో పద్ధతి. పేజీలో నూటికి తొంభై ఎనిమిది మాటలు ముందే తెలిసి ఉంటేనే ఇది సాగుతుంది, లేకపోతే ఊహకు ఆధారం మిగలదు. అందుకే తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి నేరుగా ఇంగ్లీషు సంపాదకీయం ఇస్తే ప్రయోజనం తక్కువ. అదే వార్తను ముందు తెలుగు పత్రికలో చదివి, తరువాత ఇంగ్లీషులో చదివితే విషయం తెలిసి ఉంటుంది కనుక మాటలు వాటంతటవే విడివడతాయి. గ్రంథాలయాల్లో రెండు పత్రికలూ పక్కపక్కనే పరుచుకుని చదివే అలవాటు ఖర్చులేనిది, ఫలితమిచ్చేది.

బోధనా మాధ్యమం చర్చ

ప్రభుత్వ బడుల్లో ప్రాథమిక స్థాయి నుంచే ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఉత్తర్వులిచ్చింది. వాటిని హైకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆ కాలంలోనే వచ్చాయి. పేద పిల్లలకు కొలువుల భాష దక్కాలన్నది అనుకూలుర వాదన. భావం తల్లిభాషలో కుదురుకోనిదే పరభాషా పదం నిలవదన్నది ప్రతికూలుర వాదన. పదజాలం వరకే చూస్తే ద్విభాషా పుస్తకం రెండు పక్షాలకూ పనికొచ్చే సాధనం. (చూ. మాతృభాషా మాధ్యమం)

సాగు, వాణిజ్య పదజాలం

పరీక్షలతో నిమిత్తం లేకుండా ఉన్నత ఇంగ్లీషు మాటలు ఈ నేలమీద మరో దారిలో వచ్చాయి. పురుగుమందు డబ్బాపై వజ్రాకారపు గుర్తులోని ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు విషతీవ్రతను చెబుతాయి. దాని పక్కనున్న 'సిస్టమిక్', 'కాంటాక్ట్' అన్న మాటలకు వ్యవసాయ శాఖ కరపత్రాల్లో అంతర్వాహిక, స్పర్శ అన్న తెలుగు మాటలున్నా రైతులు ఇంగ్లీషు మాటలే వాడతారు. 2021 సాగుకాలంలో మిరపతోటలను కొత్త రకం తామర పురుగు ముంచేసినప్పుడు 'థ్రిప్స్' అన్న మాట ఊరూరా పాకింది. జనం దాన్ని నల్ల తామర పురుగు అని కూడా అన్నారు.

గుంటూరు మిర్చి యార్డులో రెండు పదజాలాలు పక్కపక్కన నడుస్తాయి. లోపల టిక్కీ, తాలు, మచ్చకాయ, తేమ. ఎగుమతి కాగితాల్లో 'మాయిశ్చర్', 'పంజెన్సీ', 'ఆఫ్లటాక్సిన్', 'ఫైటోశానిటరీ సర్టిఫికెట్'. పత్తి మిల్లుల్లో పింజ పొడవు 'స్టేపుల్ లెంగ్త్' అవుతుంది. గుంటూరు కేంద్రంగా 1976లో పొగాకు బోర్డు ఏర్పడ్డాక పొగాకు రైతుకు 'ఆక్షన్', 'గ్రేడ్', 'కోటా' ఇంటిమాటలయ్యాయి. కమీషన్ ఏజెంటు దగ్గర లెక్కలు రాసే గుమాస్తాకు పట్టిక అక్కర్లేదు. మాట వెనక సరుకు, సరుకు వెనక ధర ఉంటాయి కనుక ఒకసారి విన్న మాట మరచిపోడు. అయితే అవి ఆ ఒక్క అర్థంలోనే అతనికి తెలుసు. 'పంజెంట్' అన్న విశేషణం ఘాటైన విమర్శకు కూడా వాడతారని చెబితే అతను ఆశ్చర్యపోవచ్చు. తెలుగులో మాత్రం కారం కాయకే కాక మాటకూ ఉందని అతనికి తెలుసు.

మాటల రాకపోకలు

ఈ మైదానపు పంటల ఇంగ్లీషు పేర్లు చాలావరకు స్పానిష్ చేతుల మీదుగా వచ్చాయి. 'చిల్లీ' మెక్సికోలోని నవాటల్ భాషామాట, 'టొబాకో' కరీబియన్ దీవుల నుంచి స్పానిష్‌కు చేరినది. 'కాటన్' అరబ్బీ 'కుత్న్' నుంచి ఫ్రెంచి ద్వారా వచ్చింది, అదే మాట స్పానిష్‌లో 'అల్గొదోన్'. తెలుగువారు కొత్త కాయకు మిరియాన్ని తలపించే మిరప అన్న పేరు పెట్టుకున్నారు, పొగాకును చూసింది చూసినట్టు పిలిచారు.

ఎదురు దిశలోనూ రాకపోకలున్నాయి. పత్తి వ్యాపారంలో ఈనాటికీ వాడే 'క్యాండీ' అన్న తూకం, దాదాపు 356 కిలోలు, మన ఖండి వంటి భారతీయ కొలతల నుంచి వెళ్లింది. పక్షిశాస్త్రంలోని 'పిట్టా' మన పిట్టే. యూల్, బర్నెల్ 1886లో ప్రచురించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 'బాండికూట్' అన్న ఇంగ్లీషు మాటకు తెలుగు పందికొక్కును మూలంగా చూపింది. గాదెల కింద బొరియలు తవ్వే ఈ ప్రాణి పేరునే ఐరోపావారు ఆస్ట్రేలియాలో పిల్లలను సంచిలో మోసే మరో జంతువుకూ పెట్టారు.